మార్చని సైగలు

కోచ్ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, అంచులు కలవలేదని విప్పి, మళ్ళీ మొదటి నుంచి మడతపెడుతున్నాడు. సోఫా మీద ఆరిన బట్టలు ఇంకా కుప్పగానే ఉన్నాయి. భార్యకు కుడి భుజం పట్టేసినప్పటి నుంచి మధ్యాహ్నం పూట ఈ పని ఆయన చేతికి వచ్చింది. మామూలుగా రేడియో పెట్టుకుని గబగబా కానిచ్చేసేవాడు. ఈరోజు రేడియో మోగడం లేదు. తువ్వాలు ఒక కొలిక్కి రావడం లేదు.

బాల్కనీ తలుపు తీసి ఉంది. అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద భార్య, మెడ చుట్టూ పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. వెనక కూతురు నిలబడి, గిన్నెలో కలిపిన నల్లరంగును బ్రష్షుతో పాయ పాయకీ పట్టిస్తోంది. నెలకోసారి, సెలవురోజు చూసుకుని వచ్చి, తల్లి జుట్టుకు రంగు వేసి పోవడం ఆమెకు అలవాటు. ఇంట్లో అందరూ ఆమెను పొట్టి అంటారు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని పెట్టిన పేరు. ఇప్పుడు వంటింటి గుమ్మం దాటాలంటే తల వంచుకోవాలి. మనిషి పెరిగింది గానీ పేరు పెరగలేదు.

చెవికి అంటించకు, పోయినసారి వారం రోజులు ఒక చెవి నల్లగా వేసుకుని తిరిగాను అని తల్లి అంటోంది. ఈసారి రెండు చెవులకీ అంటిస్తాను, సమానంగా ఉంటాయిలే అని కూతురు అంటోంది. ఇద్దరూ తక్కువ గొంతుతో నవ్వుకున్నారు. లోపల సోఫా దగ్గర నవ్వు లేదు.

ఆదివారం ఆట ముగిసి హాలు ఖాళీ అవుతున్నప్పుడు క్లబ్బు యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేసి అన్న మాట ఇంకా ఆ భుజం మీదే ఉంది. బాస్కెట్‌బాల్ లీగ్ పట్టికలో అట్టడుగున మిగిలినవి రెండు జట్లు. ఈయన నీలం జెర్సీలు, ఎదుటివాళ్ళ ఎర్ర జెర్సీలు. ఆ రెండూ తమలో తాము ఆడి, మూడు ఆటల్లో రెండు ఓడిన జట్టు కింది లీగ్‌కి దిగిపోవాలి. మొదటి ఆట ఎర్రవాళ్ళు తీసుకున్నారు. రాబోయే ఆదివారం రెండోది. అది కూడా పోతే హాలు తాళాలు ఆఫీసులో ఇచ్చేసి వెళ్ళమని యజమాని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. తాళాలు అన్నప్పుడు మాత్రం ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ తర్వాత, ఈ ఉదయం, బావమరిది ఫోన్ చేశాడు. వీడియోలో ఒకటి కనిపించిందనీ, ఫోన్లో చెప్పేది కాదనీ, బయలుదేరుతున్నాననీ చెప్పి పెట్టేశాడు. కోచ్ అప్పటి నుంచీ గుమ్మం వైపు ఒక చెవి వేసుకుని బట్టలు మడతపెడుతున్నాడు.

కూతురుతో ఈ సంగతులేవీ మాట్లాడడానికి లేదు. ఆమె ఎర్ర జెర్సీల జట్టులో అసిస్టెంట్ కోచ్. వాళ్ళ బెంచి మీద రెండో కుర్చీ ఆమెది. ఆమె అక్కడ చేరిన రోజునే తల్లి ఇంట్లో ఒక నియమం పెట్టింది. గుమ్మం లోపల బంతి మాట ఎత్తకూడదు. ఎండల గురించి మాట్లాడుకోవచ్చు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకోవచ్చు, పక్కింటివాళ్ళ కుక్క గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అందుకే ఈ మధ్య ఆ కుక్క గురించి ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు.

కాలింగ్ బెల్ మోగింది. కోచ్ తువ్వాలు వదిలేసి వెళ్ళి తలుపు తీశాడు.

బావమరిది చంకలో లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం నోట్లో నములుతున్నట్టు ఉండే మనిషి. నీలం జట్టులో బావ పక్కన కూర్చునే అసిస్టెంట్ అతనే. బావ ఉద్యోగం ఊడితే అతనిదీ ఊడుతుంది. లోపలికి అడుగు పెడుతూ చెప్పుల స్టాండు వైపు చూశాడు. మగవాళ్ళ బూట్లంత పెద్దవైన ఆడపిల్ల బూట్లు అక్కడ ఉన్నాయి. ముఖంలో వేళాకోళం ఆరిపోయింది.

"బావా, పద. కిందికి వెళ్ళి టీ తాగొద్దాం."

"ఇంట్లో టీపొడి ఉంది."

"ఉంటుంది. అక్క చేతులు ఖాళీ లేవు. అంటే టీ నువ్వు పెడతావు. అదే నా భయం."

కోచ్ నవ్వలేదు. బాల్కనీ వైపు చూశాడు, లాప్‌టాప్ వైపు చూశాడు. ఆయనకు అర్థమైపోయిందో, అర్థం కాకూడదని పట్టుదల పట్టాడో గానీ, చూపించేది ఏదైనా ఇక్కడే చూపించమన్నాడు. ఇంట్లో పరాయివాళ్ళు ఎవరూ లేరన్నాడు. తర్వాత చూద్దాం బావా అని బావమరిది రెండుసార్లు అన్నాడు. రెండోసారి అనేసరికి కోచ్ లాప్‌టాప్ లాక్కుని డైనింగ్ టేబుల్ మీద పెట్టి తానే మూత తెరిచాడు.

తెర మీద ఆదివారం నాటి ఆట ఆగి ఉంది. బావమరిది నిట్టూర్చి నొక్కాడు. గీత పక్కన నిలబడి ఉన్న కోచ్ చెయ్యి ఎడమ చెవి తమ్మె దగ్గరికి వెళ్ళింది. నీలం కెప్టెన్ బంతి నేలకు కొడుతూ ఇంకా మధ్యగీత దాటలేదు. అప్పటికే ఎర్రవాళ్ళ పొడుగాటి సెంటరు ఆటగాడు కదిలి మూలకి వెళ్ళి నిలబడ్డాడు. నీలం షూటరు పరుగెత్తుకుంటూ ఆ మూలకే వచ్చి అతని ఛాతీకి గుద్దుకున్నాడు. ఇంకోటి. కోచ్ మోచెయ్యి రుద్దుకున్నాడు. ఎవరూ చూడకుండా రింగు కిందికి దొంగపాస్ వెళ్ళాలి. వెళ్ళే దారిలో అప్పటికే ఒక ఎర్ర చెయ్యి చాచి ఉంది. ఇంకోటి. ఇంకోటి. ప్రతిసారీ నీలం వాళ్ళకంటే ముందే ఎర్రవాళ్ళు అక్కడ ఉన్నారు. విందుకి పిలిచినట్టు వెళ్ళి కూర్చున్నారు.

"ఇప్పుడు మూలకి చూడు" అన్నాడు బావమరిది. అతని గొంతు బాగా తగ్గిపోయింది.

తెర మూల ఎర్ర జట్టు బెంచి సగం కనిపిస్తోంది. కోచ్ చెయ్యి చెవిని తాకగానే రెండో కుర్చీలోని మనిషి పక్కకి వంగి వాళ్ళ హెడ్ కోచ్‌తో ఒక మాట చెప్పింది. అతను లేచి సెంటరుకి వేలు చూపించాడు. ఆ రెండో కుర్చీలోని మనిషి ఇప్పుడు బాల్కనీలో బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంది.

బ్రష్షు ఆగిపోయింది. ఎవరూ పిలవకుండానే కూతురు గుమ్మం దాకా వచ్చింది. చేతి తొడుగుల నిండా నల్లరంగు. దేన్నీ ముట్టుకోకుండా చేతులు రెండూ గాల్లో ఎత్తి పట్టుకుని నిలబడింది.

ఆ సైగలు ఆట కోసం పుట్టినవి కావు. కూతురు చిన్నప్పుడు తల్లికి విపరీతమైన తలనొప్పి వచ్చేది. గిన్నె చప్పుడైనా తల పగిలిపోయేది. ఆ రోజుల్లో తండ్రీకూతుళ్ళు ఈ డైనింగ్ టేబుల్ దగ్గరే చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. చెవి తమ్మె పట్టుకుంటే నీళ్ళు కావాలి. మోచెయ్యి రుద్దితే మెల్లగా బయటికి వెళ్దాం. ఆ పిల్ల కొత్త సైగ కనిపెట్టిన రోజున స్కూల్లో బహుమతి వచ్చినంత సంబరపడేది.

ఆయన కోచ్‌గా మొదలైంది వల కూడా లేని ఒక స్కూలు రింగు కింద. ఆటగాడిగా మోకాళ్ళు పోయాక దొరికిన పని అది. అక్కడి నుంచి ఫ్యాక్టరీ జట్టు, ఫ్యాక్టరీ నుంచి క్లబ్బు, ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బు. ఎక్కడికి వెళ్ళినా ఆయన ఆస్తి గొంతే. డప్పులు మోగుతున్న హాల్లో కూడా అవతలి చివర ఉన్న ఆటగాడికి వినిపించే గొంతు. తర్వాత ఆ గొంతులో కాయలు వచ్చాయి. కోసి తీశాక డాక్టరు ఇక అరవకూడదన్నాడు. అరవలేని కోచ్‌ని ఎవరు పెట్టుకుంటారు? ఆ సంవత్సరం ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. అప్పుడు కాలేజీలో చదువుతున్న కూతురే ఒక పూట అన్నం తింటూ, మన సైగలు ఉన్నాయిగా నాన్నా, వాటితో ఆడించు అంది. స్పూన్లు ఆటగాళ్ళయ్యాయి, గ్లాసు రింగయ్యింది. నీళ్ళ సైగ మూల షాట్‌గా మారింది. బయటికి వెళ్దాం అన్న సైగ దొంగపాస్‌గా మారింది. ఆ సైగలతోనే నీలం జట్టులో పని దొరికింది, మరుసటి ఏడు ఆ జట్టు పై నుంచి రెండో స్థానంలో నిలబడింది.

చదువయ్యాక కూతురు ఆయన జట్టులోనే వీడియోలు చూసి ఎదుటి జట్ల లోపాలు పట్టే పనిలో చేరింది. బెంచి మీద కుర్చీ అడిగింది. ఇంకా టైముందిలే అన్నాడు. మళ్ళీ ఏడాది అడిగితే, ఆ కుర్చీలో బావమరిదిని కూర్చోబెట్టాడు. ఆమె గొడవేమీ పడలేదు. లీగ్ సగంలో ఉండగా ఎర్రవాళ్ళు పిలిస్తే వెళ్ళింది; ఆ తర్వాత రెండు జట్లూ తలపడడం ఆదివారమే మొదలు.

ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. జట్టులోంచి ఎవరు వేరే జట్టుకి వెళ్ళినా సరే, మర్నాటి ప్రాక్టీసులోనే సైగలు మార్చేస్తారు. వెళ్ళినవాళ్ళూ తప్పు పట్టరు. తాళం చెవి పోతే తాళం మార్చినట్టే. కూతురు వెళ్ళినప్పుడు బావమరిది ఆ మాట గుర్తు చేశాడు. కోచ్ వినలేదు. వెళ్ళింది నా కూతురు, దొంగ కాదు అని ఆటగాళ్ళందరి ముందూ అన్నాడు. ఆ రోజు అలా అన్నందుకు ఆయనకు లోలోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఇప్పుడు ఆయన కూతురి వైపు చూసి, మెల్లగా, గొంతు గీరుకుపోతుండగా అడిగాడు.

"నువ్వేనా?"

"నేనే నాన్నా."

అబద్ధమాడుతుందని బావమరిది ఆశపడినట్టున్నాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

కూతురు జరిగింది జరిగినట్టు చెప్పింది. మొదటిసారి తండ్రి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళినప్పుడు, మూలకి అన్న మాట ఆమె చెప్పాలని చెప్పలేదు, నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక తనలో తాను నవ్వుకుంది కూడా. నాన్న ఎర వేశాడు, నేను పడ్డాను అనుకుంది. చూస్తే నీలం షూటరు నిజంగానే మూలకి పరుగెత్తాడు. పక్కనున్న హెడ్ కోచ్ ఆమె వైపు తిరిగాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఏమీ అడగలేదు. తర్వాత నుంచి తండ్రి చెయ్యి లేచినప్పుడల్లా ఆమె ముఖం చూశాడంతే. హాఫ్‌టైంలో ఆమె వాష్‌రూంకి వెళ్ళి ముఖం కడుక్కుని, రెండో సగంలో మారుస్తారు, తప్పకుండా మారుస్తారు అనుకుంటూ తిరిగి వచ్చింది. రెండో సగం మొదలైన కాసేపటికే తండ్రి చెయ్యి మళ్ళీ చెవి దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకు మార్చలేదు నాన్నా?"

"నీకు తెలుసని నాకు తెలుసు. నువ్వు చెప్పవనుకున్నాను."

"చెప్పడం నా ఉద్యోగం."

"సొంత కూతుర్ని అనుమానించి సైగలు మార్చుకోమంటావా? ఇంక నేనేం తండ్రిని?"

కూతురు ముఖం అప్పటిదాకా తప్పు చేసినదానిలా ఉంది. ఆ మాటతో మారింది. గుమ్మం దగ్గర నుంచి ఒక అడుగు లోపలికి వేసింది. ప్రాక్టీసు హాల్లో ఆయన్ను పిలిచే పిలుపు ఒకటి ఉండేది ఆమెకు. ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. ఇప్పుడు వాడింది.

"అనుమానించమని ఎవరడిగారు సార్? అది అనుమానం కాదు, పద్ధతి. నాకు నేర్పింది మీరే. మన దగ్గర నీళ్ళ సీసాలు అందించే అతను పోయినేడు వేరే క్లబ్బుకి వెళ్తే, ఆ సాయంత్రమే రెండు సైగలు మార్చారు మీరు. నేనే ఆటగాళ్ళకి నేర్పించాను. అతను వెళ్ళిపోతే జట్టుకు నష్టమని ఒప్పుకున్నారు. సీసాలు అందించే అతనికి దక్కిన ఆ మర్యాద నాకు దక్కలేదు. నేను వెళ్ళిపోతే ఒక్క వేలు కూడా మారలేదు."

ఆమె అడిగిన బెంచి కుర్చీలో కూర్చున్నవాడు బావమరిదే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

కోచ్ టేబుల్ మీద పెట్టిన తన చేతుల వంక చూసుకున్నాడు. కూతురి మీద నమ్మకంతో తాను చేసిన ఒక్క పెద్ద పని అదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అది ఆయనకు రెండోసారి బతుకునిచ్చిన పిల్లని ఒక మనిషిగా లెక్కలోకి తీసుకోకపోవడం అని ఆమె అనుకుంది. ఇద్దరూ ఒకే పని చూశారు. ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదు. ఈ మధ్యలో జట్టు నిండా మునిగింది.

బాల్కనీలోంచి తల్లి గొంతు వినిపించింది. తల నిండా రంగుతో స్టూలు మీద నుంచి లేవలేకపోతోంది. "నా తలనొప్పి ఇంత దూరం వస్తుందని తెలిస్తే అప్పుడే ఏదో ఒక మాత్ర మింగి నోరు మూసుకుని పడుకునేదాన్ని."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

బావమరిది మేనకోడలి దగ్గరికి వచ్చి, సరేలే పొట్టీ, జరిగింది జరిగిపోయింది, నువ్వు అమ్మ పని చూసుకుని ఇంటికి వెళ్ళు, మేం ఏదో ఒకటి ఆలోచించుకుంటాం అని నచ్చజెప్పబోయాడు. ఆమె తల ఊపి వెనక్కి తిరిగింది. అప్పుడు కోచ్ మాట్లాడడం మొదలుపెట్టాడు. బావమరిదితో మాట్లాడుతున్నట్టు అతని వైపే చూస్తూ మాట్లాడాడు.

ఆదివారం లోపు కొత్త సైగలు నేర్పడం అయ్యే పని కాదన్నాడు. కెప్టెన్ వయసు మళ్ళినవాడు, మోకాలికి పట్టీ కట్టుకుని ఆడుతున్నాడు. చెయ్యి లేవగానే అతని కాళ్ళు కదులుతాయి, బుర్రకు ఆ తర్వాత తెలుస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు రెండు ప్రాక్టీసుల్లో పోదు. కానీ ఒక దారి ఉందన్నాడు.

"బావా, తర్వాత" అన్నాడు బావమరిది.

కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఏం రాబోతోందో ఆమెకు అర్థమైంది.

"నాన్నా, నా ముందు చెప్పొద్దు. నేను బయట నిలబడతాను. మీరు మాట్లాడుకోవడం అయ్యాక పిలవండి."

"నిలబడు అక్కడే."

"నాన్నా."

"కొత్తవి నేర్పక్కర్లేదురా" అన్నాడు కోచ్, బావమరిది భుజం పట్టుకుని. "ఉన్నవే తిప్పుదాం. చెవి పట్టుకుంటే దొంగపాస్. మోచెయ్యి రుద్దితే మూల షాట్. ఆ రెండే. ఆ ఒక్క మార్పు మనవాళ్ళ బుర్రలో నిలుస్తుంది. ఎర్రవాళ్ళంతా మూలకి పరుగెడతారు, రింగు కింద ఎవడూ ఉండడు. మొదటి సగంలోనే ఆట మనది. ఎవరూ చెప్పకపోతే వాళ్ళు సర్దుకునేసరికే అయిపోతుంది."

ఎవరూ చెప్పకపోతే. ఆ మాట ఆయన బావమరిది వైపు చూస్తూనే అన్నాడు. స్టూలు మీద నుంచి వింటున్న భార్యకు అర్థమైంది. ఆయన బావమరిదికి పథకం చెప్పడం లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎవర్నీ ఏదీ అడగలేదు. ఉద్యోగం పోయిన రెండుసార్లూ అడగలేదు, గొంతు పోయినప్పుడూ అడగలేదు. అడగడం చేతకాని మనిషి అడిగితే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుప్పటిలోంచి చెయ్యి ఎత్తి తుడుచుకోలేక అలాగే వదిలేసింది.

కూతురు చేతి తొడుగులు మెల్లగా, లోపలి వైపు బయటికి వచ్చేలా తీసింది. వాటిని వంటింటి చెత్తబుట్టలో వేసి వచ్చి, తండ్రికి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మళ్ళీ నాన్నా అనే పిలిచింది.

"అక్కడ కూడా ఆటగాళ్ళున్నారు నాన్నా. మా సెంటరు భార్యకు నెలలు నిండాయి. కింది లీగ్‌కి దిగితే సగం మందిని తీసేస్తామని మాకూ చెప్పారు. నేను అడక్కుండానే పిలిచి కుర్చీ వేసినాయన అక్కడ ఉన్నాడు. ఆదివారం నీ చెయ్యి లేవగానే ఆయన నా ముఖం చూస్తాడు. నేను మూలకి అంటే, నమ్ముతాడు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే వాళ్ళని ముంచినదాన్ని. తెరిస్తే నిన్ను ముంచినదాన్ని. ఇందాకటిదాకా నేను ఏమీ తెలియనిదాన్ని. హాయిగా ఉన్నాను."

కోచ్ తల దించుకున్నాడు.

"ఒకటి చెప్పు. ఇది నమ్మకమా, బతిమాలడమా?"

ఆయన నోరు తెరిచాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. డాక్టరు కోసి తీసిన చోట ఏదో అడ్డుపడినట్టు గొంతు పట్టుకుని, మింగి, మళ్ళీ ప్రయత్నించాడు.

"ఇది పోతే నన్ను ఇంకెవరూ పిలవరే" అన్నాడు.

అది ఆమె అడిగిన దానికి జవాబు కాదు. అయినా అందరికీ జవాబు వినిపించింది. కూతురు రెండుసార్లు తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

బాల్కనీలోంచి తల్లి, రంగు మండుతోందే, టైము దాటిపోయింది అని పిలిచింది. కూతురు లేచి వెళ్ళి, ఆమెను నడిపించుకుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది. నీళ్ళ చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడు చాటున బావమరిది తల పట్టుకుని, ఎంత పని చేశావు బావా అన్నాడు. ఉన్న ఒక్క దారీ ఆ పిల్ల చేతిలో పెట్టేశావన్నాడు. ఆమె వెళ్ళి చెబితే తిప్పిన సైగలు వాళ్ళకి తెలిసిపోతాయి, అప్పుడు తిప్పకుండా పాతవే ఆడాలి. ఆమె చెప్పకపోతే తిప్పి ఆడాలి. ఆమె ఏం చేస్తుందో తెలియకపోతే ఏదీ ఆడడానికి లేదు.

"సాయంత్రం ప్రాక్టీసులో కుర్రాళ్ళకి ఏం చెప్పను? తిప్పమననా, వద్దననా?"

"తెలీదురా."

"నీ కూతురు నీకు తెలీదా?"

కోచ్ లాప్‌టాప్ మూత వేశాడు. "తెలుసనుకునే ఇంతదాకా వచ్చాను" అన్నాడు.

స్నానాలగదిలో తల్లి నీళ్ళ గిన్నె మీదికి తల వంచుకుని ఉంది. కూతురి వేళ్ళు ఆమె తలను మెల్లగా రుద్దుతున్నాయి, ఎప్పటిలాగే, చెవుల వెనక జాగ్రత్తగా. నల్లటి నీళ్ళు పోయి, బూడిదరంగు నీళ్ళు పోయి, తేటనీళ్ళు వచ్చేదాకా ఆ వేళ్ళు ఆగలేదు. అడగాలని తల్లి నోటి దాకా వచ్చింది. ఏం చేస్తావే అని. అడిగితే ఆ పిల్ల మీద ఇంకో చెయ్యి వేసినట్టవుతుందని ఊరుకుంది. మెడ మీద ఒక చుక్క వేడిగా పడింది. చన్నీళ్ళతో కడుగుతుంటే వేడి చుక్క ఎక్కడిదో ఆమెకు తెలుసు.

ఇద్దరూ బయటికి వచ్చారు. కూతురు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు తుడిచి, చిక్కు తీసి, వీపు మీద ఆరబోసింది. రంగు గిన్నె కడిగి బోర్లించింది. బాల్కనీలో నేల మీద పడిన మరకలు గుడ్డతో తుడిచింది. ఆ పనులన్నీ చేస్తున్నంతసేపూ ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. మామయ్యా అని ఒకసారి పిలిస్తే బాగుండునని బావమరిది ఎదురుచూశాడు. గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుని లేసులు బిగించుకుంది.

అప్పుడు ఆమె సంచి పైన పెట్టి ఉన్న ఫోను మోగింది. తెర మీద వెలిగిన పేరు కోచ్ కూర్చున్న చోటికి కూడా కనిపించింది. ఎర్ర జట్టు హెడ్ కోచ్.

ఆమె మోగుతున్న ఫోను చేతిలోకి తీసుకుంది. తండ్రి లేచి నిలబడ్డాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, తలుపు తీసి, పలక్కుండా వెళ్ళిపోయింది. తలుపు మెల్లగా దానంతట అదే మూసుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడుతో పాటు ఫోను మోత కూడా కిందికి దిగుతోంది. లోపల ముగ్గురికీ వినిపిస్తోంది. ఒక అంతస్తు దిగింది. ఇంకా మోగుతోంది. మలుపు దగ్గర బూట్లు ఆగాయి.

మోత ఆగిపోయింది.

కట్ చేసిందో, ఎత్తి చెవి దగ్గర పెట్టుకుందో తెలియలేదు. కోచ్ తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా నిలబడిపోయాడు.